రోడ్డు దాటని మార్కండేయులు

మార్కండేయులు రోడ్డు దాటడు. పెళ్ళికి పిలిచినా దాటడు, పరామర్శకు రమ్మన్నా దాటడు, ఎదురింట్లో గారెలు వేగుతున్నాయని ముక్కుపుటాలు సాక్ష్యం చెబుతున్నా దాటడు. అలాగని గడప లోపల కూర్చునే రకం అనుకునేరు. చీరాల పట్నాన్ని కాలినడకన ఆయన చూసినంతగా చూసినవాడు ఆ రోజుల్లో మరొకడు లేడు. మగ్గం గుంటలోంచి లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని బయలుదేరాడంటే బస్టాండూ, బట్టల బజారూ, రైలు స్టేషనూ, దాని వెనకున్న తోటలూ అన్నీ చుట్టి వచ్చేవాడు. ఒక్క రోడ్డు కూడా దాటకుండా చుట్టి వచ్చేవాడు.

ఇదెలా కుదురుతుందని అడిగినవాళ్ళకు ఆయన ఓపిగ్గా చెప్పేవాడు. రోడ్డుకు ఈ అంచు నుంచి ఆ అంచుకు పోతేనే దాటినట్టు. అంచు వెంబడే ఎంత దూరం నడిచినా దాటినట్టు కాదు. మురుగు కాలువ పోయే తూములోంచి రోడ్డు కింద దూరి అవతల తేలితే దాటినట్టు కాదు. రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడిదాకా పోయి, దాని కొస చుట్టూ తిరిగి వెనక్కి వస్తే అసలే కాదు. రిక్షా ఎక్కితే మాత్రం దాటినట్టే, ఎందుకంటే రిక్షా దాటుతుంది. ఈ శాసనాలన్నీ తనే రాసుకుని, పోలీసులు కూడా పాటించనంత నిష్ఠగా పాటించేవాడు.

ఆయన భార్య వెంకటేశ్వరమ్మది మంగళగిరి. ఆమెకు రెండు గర్వాలు. ఒకటి మొగుడి చెయ్యి, రెండోది తన నోరు. మొగుడి చేతి సంగతి సహకార సంఘం వాళ్ళే ఒప్పుకునేవారు. ఆయన నేసిన చీర బల్ల మీద పరిస్తే ఏది ముఖమో ఏది వెనకో తేల్చడానికి ఇద్దరు గుమాస్తాలు కళ్ళజోళ్ళు తుడుచుకునేవారు. ఆమె నోటి సంగతి వీధి మొత్తం ఒప్పుకునేది. ఆమెను దహించేదల్లా ఒక్కటే. అంత పనివాణ్ణి పట్టుకుని ఊరు "పిచ్చి మార్కండేయులు" అంటుంది. సంఘంలో అదే పేరు, బజార్లో అదే పేరు, ఆఖరికి ఉత్తరాల మీద కూడా అదే పేరు రాస్తే పోస్టుమాన్ నేరుగా తెచ్చి ఇచ్చేవాడు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, నలుగురిలో తన మొగుణ్ణి పిచ్చివాడని కాకుండా పనివాడని ఎవరైనా అంటే చెవులారా విని పోవాలని ఆమె కోరిక.

"ఏమయ్యా, రోడ్డు దాటితే కాలు ఇరుగుద్దా?" అని అడిగేది.

"రోడ్డంటే పడుగే. పడుగు దాటితే పోగు తెగుద్ది."

"బస్సు రోడ్డు మీద పడుగేందయ్యా, నా ఖర్మ కాకపోతే?"

"నీకు కనపడదులే."

నేతగాళ్ళ వీధి ఎరగనివాళ్ళకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. పడుగంటే చీరకు నిలువునా పోయే పోగులు. తెల్లవారుతూనే వాటిని వీధి పొడవునా కర్రల మీద సాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి ఆరబెడతారు. తడి పడుగు మీదనుంచి అడుగు వేయడం ఆ వీధిలో ఎవరూ చేయని పని. అర్జంటుగా డాక్టరు కోసం పోయేవాడైనా పడుగు కొసదాకా నడిచి, చుట్టూ తిరిగే పోతాడు. అందరూ ఈ మర్యాద ఒక్క పడుగుకే ఇచ్చేవారు. మార్కండేయులు మాత్రం పందొమ్మిది వందల యాభై మూడులో ఒక మంచి రోజు చూసి చీరాలలో ఉన్న సమస్తమైన రోడ్లకూ ఇచ్చేశాడు.

ఎదురింటి పేరమ్మ ఒంటరి మనిషి. మొగుడు పోయాక ఒక్క మగ్గంతో బతుకు ఈడ్చుకొస్తోంది. ఏ పండగొచ్చినా "అన్నయ్యా, మా ఇంట్లో రెండు ముద్దలు తినిపో" అని పిలిచేది. ఇంటికీ ఇంటికీ మధ్య ఇరవై అడుగులు. మధ్యాహ్నం భోజనానికి మార్కండేయులు పొద్దున ఎనిమిదింటికి బయలుదేరేవాడు. రెండు తూములు, ఐదు పెరళ్ళు, ఒక శ్మశానం, సంఘం అద్దకం షెడ్డు వెనక సందు, ఇవన్నీ దాటి పన్నెండింటికి పేరమ్మ పెరట్లో తేలేవాడు. వెంకటేశ్వరమ్మ తన గుమ్మం మీద నిలబడి, పేరమ్మ అరుగు మీద విస్తరి ముందు కూర్చున్న మొగుడితో వీధికి అడ్డంగా మాట్లాడేది.

"ఉప్పు సరిపోయిందా అయ్యా?"

"సరిపోయింది."

"చూసుకుని తిను. తిరిగొచ్చేసరికి మళ్ళీ ఆకలేసుద్ది."

సంఘం ఆఫీసు ఉండేది బస్సు రోడ్డుకు అవతల. నేసిన చీరలు అప్పగించడానికి తూములోంచే పోయేవాడు. నడుము దాకా మురుగు, నెత్తిన జరీ అంచు చీరల మూట. ఆఫీసులో గుమాస్తాలు ముక్కు మూసుకుని చీరలు అందుకునేవారు. ఇన్నేళ్ళలో ఒక్క చీర మీద ఒక్క చుక్క పడలేదు. ఆ ముక్క వెంకటేశ్వరమ్మ ఊరందరికీ చెప్పేది, ఆ తరువాతే మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టేది.

మిషను బడిలో లెక్కల మాస్టారు క్రీస్తుదాసు గారు ఒకసారి కాగితం, పెన్సిలు పట్టుకుని ఇంటికే వచ్చారు. నాలుగు గీతలు గీసి, మధ్యలో చుక్క పెట్టి చూపించారు.

"మార్కండేయులూ, ఇది నువ్వు. చుట్టూ ఇవి నాలుగు రోడ్లు. ఏదో ఒకటి దాటకుండా నువ్వు బయటపడలేవు. లెక్క ఒప్పుకోదు."

"మీ లెక్కలో తూములు వేశారా మాస్టారూ?"

"తూములా?"

"పోనీ పెరళ్ళు?"

మాస్టారు నిజాయితీగల మనిషి. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, ఆయన వెంట బయలుదేరారు. పొద్దున ఆరింటికి పోయినవాళ్ళు మధ్యాహ్నం మూడైనా రాలేదు. దారిపొడవునా పెరటి గుమ్మాల్లోంచి ఆడవాళ్ళు మార్కండేయులును పలకరిస్తూనే ఉన్నారు. ఎవరి గోడ వానకు కూలిందో, ఎవరి గేదె ఈనిందో, ఎవరి పెరట్లో ఎవరి వడియాలు ఎండుతున్నాయో ఆయనకు తెలుసు. చివరికి మోకాళ్ళదాకా బురదతో, తలమీద కొబ్బరి పీచుతో ఒక పెరట్లోకి చేరి, మాస్టారు దాహమని కేకేశారు. లోపలినుంచి ఒకావిడ వచ్చి చూసి, "ఇప్పుడే గదయ్యా పొయ్యి రాజేసింది? చీకటి పడే ముందు రా, రెండు ముద్దలు పెడతా," అంది.

"నేనే, ఎలీసమ్మా," అన్నారు మాస్టారు.

ఎలీసమ్మ మొగుణ్ణి ఎగాదిగా చూసి, వెనకే నిలబడ్డ మార్కండేయులును చూసి, ఇంకేమీ అడగకుండా చెంబుతో నీళ్ళు తెచ్చింది. పాతికేళ్ళుగా ఉంటున్న ఊరిని ఆ రోజే చూశానని మాస్టారు తరువాత అందరితో చెప్పేవారు. లెక్క మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదనేవారు.

వెంకటేశ్వరమ్మ పుట్టింటికి పోవడం ఇంకో ఘట్టం. స్టేషనుదాకా తూముల దారి ఉంది కాబట్టి రైలెక్కడం వరకూ చిక్కు లేదు. "రైలు మాత్రం రోడ్లు దాటదా?" అని ఆమె నిలదీస్తే, "గేటేస్తారు గదే. గేటేసినంతసేపూ అది రోడ్డు కాదు," అన్నాడు. మంగళగిరిలో దిగాక అసలు కథ మొదలైంది. స్టేషను బయట అడుగు పెడితే అడ్డంగా రోడ్డు, కనుచూపు మేరలో తూము లేదు. అల్లుడు ప్లాట్‌ఫారం మీద బెంచీ చూసుకుని కూర్చున్నాడు. గంట చూసి, రెండు గంటలు చూసి, చివరికి అత్తవారే కదిలారు. బావమరిది పానకాలు నెత్తిన గంపతో, అత్తగారు పెరుగు ముంతతో వచ్చి, ప్లాట్‌ఫారం మీదే ఆకులు వేసి వడ్డించారు. స్టేషను మాస్టరుకు కూడా ఒక ఆకు వేశారు. అల్లుడికి బట్టలు కూడా అక్కడే పెట్టారు. అటుపోయే బండిలో వాళ్ళంతా కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూస్తుంటే వెంకటేశ్వరమ్మకు నేల చీలి లోపలికి పోవాలనిపించింది. మొగుడు మాత్రం మారు వడ్డించుకున్నాడు.

ఇంకొక రోజు, యాభై నాలుగులో అనుకుంటాను, వీధి చివర కారు ఆగింది. అందులోంచి పత్తి మిల్లు షావుకారు దిగాడు. బరువైన మనిషి, దిగడానికే కాసేపు పట్టింది. నేరుగా మార్కండేయులు అరుగు దగ్గరికి వచ్చి, "ఏమయ్యా, రోడ్డు దాటనివాడివి నువ్వేనా?" అన్నాడు.

"నేనేనండి."

"ఏం, ఎందుకని?"

"రోడ్డంతా పడుగండి. పోగులు తెగుతాయి."

"మా పత్తి బండి ఈ వీధిలోంచి పోయిందనుకో. ఏం చేస్తావు?"

"తెగిన పోగులు అతుకుతానండి."

"ఎక్కడ?"

"బండి చక్రం కింద కూర్చునండి. చక్రం దగ్గరే గదండీ తెగేది."

షావుకారు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ సమయానికి వెంకటేశ్వరమ్మ లోపలినుంచి వచ్చి అందుకుంది. తొలి కూత మంగళగిరి ప్లాట్‌ఫారం దగ్గర మొదలై, పేరమ్మ ఇంటి గారెల విందు మీదుగా సాగి, తన పెళ్ళి కుదిర్చిన పెద్దమనిషి వంశందాకా పోయింది. "ఈ పిచ్చిమాలోకంతో ఎట్టా వేగాలో మీరే చెప్పండి బాబూ, పెద్దోళ్ళు," అని షావుకారు చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. షావుకారు చెయ్యి వెనక్కి లాక్కుని, ఆమె వంక జాలిగా చూసి, మార్కండేయులు వంక భయంగా చూసి, దిగినదానికంటే త్వరగా కారెక్కి వెళ్ళిపోయాడు. అంత పెద్దమనిషి తమ గుమ్మంలోకి ఎందుకొచ్చాడో ఆమెకు అప్పుడు తట్టలేదు. ఊరవతలికి కూడా పరువు పోయిందని రెండు రోజులు అన్నం సయించలేదు.

అలా తొమ్మిదేళ్ళు గడిచాయి. అరవై రెండులో హైదరాబాదులో చేనేత ప్రదర్శన జరిగితే చీరాల సంఘం తరఫున పంపిన చీరకు మొదటి బహుమతి వచ్చింది. చీర మార్కండేయులుది. స్వయంగా కలెక్టరుగారు వచ్చి, సంఘం కొత్తగా కట్టిన గోడౌనులో సభ చేసి, ఆయనకు శాలువా కప్పుతారని కబురొచ్చింది. వెంకటేశ్వరమ్మ ఆ కబురు విని వీధి ఈ కొస నుంచి ఆ కొసకు రెండుసార్లు నడిచింది, ఊరికే. ఇన్నాళ్ళకు ఒక పెద్ద అధికారి మైకు ముందు నిలబడి తన మొగుణ్ణి పనివాడు అంటాడు. ఆ మాట తను ముందు వరసలో కూర్చుని వింటుంది.

గోడౌను కూడా బస్సు రోడ్డుకు సరిగ్గా అవతలే. తూము ఉంది కదా అని ఆమె ధైర్యం. సభకు మూడు రోజుల ముందు వాయుగుండం పట్టింది. వాన వీధుల్ని ముంచింది, కాలువను ముంచింది. సభ రోజు పొద్దున వాన తెరిపిచ్చింది గానీ తూము నోరు నీళ్ళలో ఎక్కడుందో కూడా కనిపించలేదు. కలెక్టరుగారు తొమ్మిదింటికి వచ్చి పదకొండింటికి ఒంగోలు వెళ్ళిపోతారు.

మార్కండేయులు ఉతికిన పంచె కట్టుకుని, బస్సు రోడ్డు అంచున వచ్చి నిలబడ్డాడు. ఇరవై నాలుగు అడుగుల రోడ్డు. అవతల గోడౌను గుమ్మానికి కట్టిన మామిడాకులు లెక్కపెట్టుకునేంత దగ్గర. కాసేపు చూసి, వెనక్కి తిరిగి ఇంటికి వచ్చి, ఉతికిన పంచెతోనే మగ్గం గుంటలో దిగి నేత మొదలుపెట్టాడు.

"లే అయ్యా," అంది వెంకటేశ్వరమ్మ.

"నీళ్ళు తీశాక పోదాం."

"నీళ్ళు తీసేసరికి కలెక్టరు ఒంగోల్లో ఉంటాడు. ఒక్కసారి దాటు. ఒక్కసారే. కళ్ళు మూసుకుని నా చెయ్యి పట్టుకో."

"కుదరదే."

"నేనడిగినా కుదరదా?"

ఆయన పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడెను ఆపాడు. ఆమె కళ్ళలోకి చూడలేక పోగుల వంక చూస్తూ, "నువ్వడిగితే కష్టంగా ఉంది. అయినా కుదరదు," అన్నాడు.

ఇన్నేళ్ళలో వెంకటేశ్వరమ్మకు తిట్టు దొరకకపోవడం అదే మొదలు. చెంగు నోట్లో కుక్కుకుని బయటపడింది. బస్సు రోడ్డు పక్కన టీ కొట్టు దగ్గర పత్తి మిల్లు బళ్ళు నాలుగు ఖాళీగా ఆగి ఉన్నాయి. వాటి పెద్ద సుభానీ చేతిలో టీ గ్లాసుతో నిలబడ్డాడు. మిల్లు బళ్ళన్నీ ఆయన చెప్పినట్టే నడుస్తాయి.

"సుభానీ, నీ మనుషులు నలుగుర్ని పంపు. ఆ మనిషిని మంచానికి కట్టి, ఎత్తి రోడ్డవతల పడేద్దాం. ఇవాళ దాటించాల్సిందే."

సుభానీ అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "అక్కా, నీకు దణ్ణం పెడతా. ఆ పని మాత్రం చెయ్యమాక."

"ఏం?"

"ఇవాళ సభలో మా షావుకారు కూడా ఉన్నాడు. మార్కండేయులన్న మామూలు మనిషిలాగా రోడ్డు దాటడం ఆయన కళ్ళారా చూశాడంటే రేప్పొద్దుటికల్లా మా బళ్ళు మళ్ళీ మీ వీధిలోంచే పోవాల."

వెంకటేశ్వరమ్మకు అర్థం కాలేదు. సుభానీ గ్లాసు కింద పెట్టి, చెప్పనని ఒట్టేసిన మాట చెప్పాడు.

యాభై మూడులో మిల్లుకు అడ్డదారని పత్తి బళ్ళు నేతగాళ్ళ వీధిలోంచి పోవడం మొదలైంది. బండి రావడం, తడి పడుగులు గబగబా ఎత్తి పక్కకు లాగడం, పోగులు చిక్కుపడటం రోజూ ఉండేది. ఒకనాడు పేరమ్మ పడుగు ఎత్తేలోపే బండి దాని మీదుగా పోయింది. ఆమె ఒక్క కేకా వెయ్యలేదు. రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తెగిన పోగులు ఒక్కొక్కటే అతుక్కుంటూ ఉండిపోయింది. ఆమెకు ఎదురుగా కూర్చుని పొద్దుగూకేదాకా పోగులు అతికినవాడు మార్కండేయులు. ఆ సంగతి వెంకటేశ్వరమ్మకూ గుర్తుంది. ఆ మర్నాడు ఆయన సుభానీ దగ్గరికి పోయిన సంగతే తెలియదు.

"బళ్ళు చుట్టు తిప్పి పోనియ్యి తమ్ముడా, అన్నాడు. నేను తిప్పుతా, నా షావుకారుకేం చెప్పను, అన్నా. పేదోళ్ళ పడుగంటే ఆయన వినడు. రోడ్డు బళ్ళకి గాక బట్టలారెయ్యటానికా అంటాడు. ఆయనకి భయమల్లా కోర్టు కేసంటే. ఆ వీధిలో బండి కింద పడే పిచ్చోడెవడన్నా ఉంటే చెప్పు, అప్పుడు తిప్పుతాడు, అని ఊరికే నవ్వులాటకన్నా. అన్న నవ్వలా. నేనున్నా గదా, అన్నాడు."

"మరి మన వీధి వరకూ దాటకపోతే చాలదా? ఊరంతా ఎందుకు?"

"నేనూ అదే అడిగా అక్కా. ఒక్క వీధి దాటనంటే అది తగువవుద్ది, తగువుకి పోలీసులొస్తారు. ఏ రోడ్డూ దాటనంటే పిచ్చంటారు. పిచ్చోడితో ఎవరూ తగువుపడరు, అన్నాడు. అప్పటికీ షావుకారు నమ్మలా. కారేసుకుని చూడ్డానికొచ్చాడు. వచ్చి, నీ మాటలు విని, తిరిగొచ్చి నాతో ఏమన్నాడో తెల్సా? మొగుడి మాటలైతే నటన అనుకునేవాణ్ణి, ఆ ఇల్లాలి గోస అబద్ధం కాదురా, బళ్ళు తిప్పు, అన్నాడు."

వెంకటేశ్వరమ్మ టీ కొట్టు బల్ల మీద కూర్చుండిపోయింది. తొమ్మిదేళ్ళ తిట్లు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. ఆ తూముల్లో మురుగు గుర్తొచ్చింది. మంగళగిరి ప్లాట్‌ఫారం మీద మారు వడ్డించుకుంటున్న మొగుడి ముఖం గుర్తొచ్చింది. ఏడుపు రావాలి గానీ, ఆమెకు అంతకంటే పెద్దది ఏదో వచ్చి గుండె నిండిపోయింది. ఇన్నాళ్ళూ మొగుడి చెయ్యి ఒక్కటే గొప్పదనుకుంది.

"పోనీలే అక్కా, నువ్వెళ్ళి ఆ శాలువా పుచ్చుకో," అన్నాడు సుభానీ.

"నా భుజం మీద వేయించుకుంటానా దాన్ని?" అంటూ లేచింది. అటూ ఇటూ చూసింది. "నీ బళ్ళెన్ని?"

"నాలుగు."

"ఎద్దుల్ని విప్పించు."

పావుగంటలో బస్సు రోడ్డుకు అడ్డంగా నాలుగు బళ్ళు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టారు. కాడి కింద దుంగలు పెట్టారు. ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చెక్కల వంతెన తయారైంది. గుంటూరు బస్సు ఒకటి ఇటు, ఒంగోలు బస్సు ఒకటి అటు ఆగిపోయాయి. జనం దిగి నిలబడ్డారు. మార్కండేయులును పిలుచుకొచ్చారు. ఆయన బళ్ళను చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, మళ్ళీ బళ్ళను చూశాడు.

"బండెక్కితే దాటినట్టే గదా," అన్నాడు.

"ఎద్దుల్లేందే అది బండేంది? చెక్క," అంది వెంకటేశ్వరమ్మ.

ఆయన ఆలోచించాడు. వంగి చక్రాల కిందకు చూశాడు. "చక్రాలకి రాళ్ళు పెట్టారా? కదిలిందంటే దాటినట్టే."

"పెట్టామన్నా," అన్నాడు సుభానీ ముఖం పక్కకు తిప్పుకుని.

మార్కండేయులు ఈ అంచున ఉన్న బండి చక్రాలు రెంటినీ కాలితో తన్ని చూసుకుని, పంచె కుచ్చిళ్ళు సర్దుకుని ఎక్కాడు. ఒక బండి మీదనుంచి ఇంకో బండి మీదకు, దొరలా నడిచాడు. బస్సు జనం చప్పట్లు కొట్టారు. గోడౌను గుమ్మంలో కలెక్టరుగారి పక్కనే నిలబడ్డ షావుకారు చూస్తూ చూస్తూ, "ముదిరిందండీ, బాగా ముదిరింది," అని గొణిగాడు.

సభలో కలెక్టరుగారు మైకు ముందు నిలబడి ఇలాంటి పనివాడు జిల్లాకే గర్వకారణమన్నారు. ఆ మాట వెంకటేశ్వరమ్మ ముందు వరసలోనే కూర్చుని విన్నది. శాలువా కప్పడం అయ్యాక షావుకారు ఆమె దగ్గరికి వచ్చి, నలుగురూ వింటుండగా జాలిగా అడిగాడు.

"ఇంత పనితనం ఉన్నవాడికి ఈ పిచ్చేమిటమ్మా? గుంటూరు పెద్దాసుపత్రిలో చూపిద్దామా? నేను మాట్లాడతాను."

పక్కనున్నవాళ్ళంతా ఆమె నోటి వంక చూశారు. ఏ పేరు చెరిగిపోవాలని ఆమె తొమ్మిదేళ్ళు కోరుకుందో ఆ పేరు ఇప్పుడు ఆమె చేతిలో ఉంది.

"లాభం లేదండి," అంది వెంకటేశ్వరమ్మ, తలెత్తి, గోడౌను వెనక వరసదాకా వినపడేట్టు. "మాది మామూలు పిచ్చి కాదు. ఈ జన్మకి తగ్గదు."

షావుకారు నిట్టూర్చి, బళ్ళ సంగతి మరి అడగలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె కూడా మొగుడి వెనకే బళ్ళెక్కింది. రెండో బండి మీద ఆగి, మెల్లగా, ఆయనకు మాత్రమే వినపడేట్టు అడిగింది.

"నాకొక్కదానికీ చెపితే ఏం పోయింది?"

మార్కండేయులు సుభానీ వంక ఒకసారి చూసి, విషయం గ్రహించాడు. శాలువా సర్దుకుని నవ్వాడు.

"చెపితే నువ్వు తిట్టేదానివి కాదు. నువ్వు తిట్టకపోతే ఊళ్ళో ఎవరు నమ్మేవాళ్ళు?"

ఆమె చుట్టూ చూసింది. కింద రెండు బస్సుల జనం, బళ్ళవాళ్ళు, గోడౌను గుమ్మంలో కలెక్టరుగారు, ఆయన పక్కన షావుకారు. వెంకటేశ్వరమ్మ చెంగు నడుముకు దోపుకుంది. ఈ పిచ్చి మారాజుతో తన బతుకు ఎలా తెల్లారిందో, రెండో బండి మీద నిలబడి మొదలుపెట్టి, మూడో బండి, నాలుగో బండి మీదుగా, అన్ని దిక్కులకూ వినిపించేట్టు ఇంటిదాకా తిట్టుకుంటూ వచ్చింది. అంత బాగా ఆమె మునుపెన్నడూ తిట్టలేదని పేరమ్మ కూడా ఒప్పుకుంది.